కాగితం ఫ్రిజ్

ఆ ఎండాకాలం మా ఇంట్లో తొమ్మిది రోజులపాటు కాగితం ఫ్రిజ్ ఉంది. దాన్ని నాన్న కత్తిరించాడు, నేను రంగులేశాను, నాయనమ్మ కాపలా కాసింది. అమ్మ మాత్రం దాని ముందు నుంచి రోజుకి నలభైసార్లు బకెట్లు మోసుకుంటూ పోయేది.

మా నాన్న టైలరు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. ముందు గది పగలంతా దుకాణం, పొద్దుగూకాక ఇల్లు. ఆ గదిలో సగం కటింగు బల్లదే. నాన్న పొట్టి మనిషి కాబట్టి బల్ల కూడా ఆయన కొలతకే తక్కువ ఎత్తులో చేయించుకున్నాడు. మిగిలిన సగంలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, కస్టమర్లకి రెండు కుర్చీలు, ఆ సందుల్లో మేం నలుగురం. నాయనమ్మా నేనూ బల్ల కిందే పడుకునేవాళ్ళం. ఇరవై రెండేళ్ళుగా గుడ్డ జారి జారి ఆ చెక్క నున్నగా తేలింది. దాని మీద ఎవరైనా నీళ్ళ గ్లాసు పెడితే నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఎప్పుడైనా విసుగెత్తి, "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అన్నాడంటే, "ఇల్లు ఇరకటమని తెలిసే కదా మర్కటాన్ని తెచ్చుకున్నారు, గోడలెక్కి బతుకుతుందని" అనేది అమ్మ.

అలాంటి ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది.

అమ్మ అప్పటికి ఆరు నెలలుగా బస్సు డిపోలో ఆడవాళ్ళ బ్యాచిలో డ్రైవింగు నేర్చుకుంటోంది. పరీక్ష నెగ్గింది. వచ్చే నెల ఒకటో తారీఖున తెల్లవారి ఐదున్నరకి డిపోలో హాజరవ్వాలి. రాకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఈ చివరి వాక్యాన్ని అమ్మ రెండుసార్లు పైకి చదివింది.

"మరి గుడ్డ ఎవరు తడుపుతారు?" అన్నాడు నాన్న.

అదీ చిక్కు. మా ఇంట్లో తెల్లవారి నాలుగున్నర నుంచి ఏడు దాకా ఉతుకుడే. మా నలుగురి బట్టలు ఒక ఎత్తు, కస్టమర్ల గుడ్డ ఒక ఎత్తు. నూలు గుడ్డని కొయ్యకముందే తడిపి, పిండి, ఆరెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుకుకే చొక్కా ముడుచుకుపోయి తాతకి కుట్టింది మనవడికి సరిపోతుంది. ఆ తడిపే పని అమ్మది. అమ్మ తడపందే నాన్న కత్తెర కదలదు.

"వాషింగ్ మిషను కొందాం. అది ఉంటే నేను ఉద్యోగానికి పోతాను, లేకపోతే లేదు" అంది అమ్మ.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటల్లో నాకు వినబడింది 'కొందాం' ఒక్కటే. మా ఇంట్లో సూదులు, దారాలు తప్ప ఏదైనా కొని ఎన్నేళ్ళయిందో! నాకప్పుడు పద్నాలుగేళ్ళు. క్లాసులో అందరి ఇళ్ళలోనూ ఫ్రిజ్ ఉంది.

"కొంటే ఫ్రిజ్ కొనాలి. ఎండాకాలం కదా" అన్నాను.

"అదీ మాటంటే" అని నాయనమ్మ నా పక్క చేరింది. "పొద్దున్న కాచిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోతున్నాయి. బట్టలు ఉతకడానికి మిషనేమిటర్రా, చేతుల్లేవా?"

"ఉన్నాయి అత్తయ్యా. ఆ చేతులతోనే బస్సు నడపమంటున్నారు" అంది అమ్మ.

డబ్బు ఒక్క వస్తువుకే ఉంది. చోటూ ఒక్క వస్తువుకే ఉంది. బాత్రూం గోడకీ వంటగది గుమ్మానికీ మధ్యనున్న మూల అది. గోడ అవతల కొళాయి, ఇవతల ప్లగ్గు. నాన్న మా ముగ్గురి మొహాలూ చూసి న్యాయమూర్తిలా గొంతు సవరించుకున్నాడు.

"కాగితం కొయ్యకుండా నేను ఎప్పుడైనా గుడ్డ కోశానా? ముందు కాగితం కోద్దాం. దాంతో నాలుగు రోజులు కాపురం చేద్దాం. మనకేది పడుతుందో ఇల్లే చెబుతుంది."

ఖాకీరంగు కాగితం చుట్ట విప్పి, ఫ్రిజ్‌లూ మిషన్లూ అమ్మే కొట్లో ఇచ్చిన పుస్తకంలోని కొలతలు చూసి, అసలు సైజులో ఫ్రిజ్ కత్తిరించాడు. అడుగు ముక్క నేల మీద, ముందు ముక్క గోడ మీద. నేను దాని మీద లోపలి అరలన్నీ గీశాను. పైన ఐసుగడ్డలు, కింద పాలు, పళ్ళు, వరసగా పదకొండు నీళ్ళసీసాలు. మా నలుగురికి పదకొండు సీసాలెందుకని ఎవరూ అడగలేదు.

ఎంత సంబరమో! బడికి సెలవులు. పొద్దున్న లేవగానే ఫ్రిజ్ ముందు నిలబడేదాన్ని. ఎవరైనా నేల మీది కాగితం తొక్కితే నాయనమ్మ, "ఫ్రిజ్‌లో కాలెడతావేం?" అని కసిరేది. కింది అంతస్తు వడ్రంగి బాబాయ్ వచ్చి చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వి, తానే ఒక పుచ్చకాయ ముక్క గీసి పోయాడు. రవిక కొలతకి వచ్చిన టీచరమ్మ కళ్ళజోడు తీసేసి ఉందేమో, "కొత్త ఫ్రిజ్ కొన్నారా? చెప్పలేదే!" అంది.

"మొన్ననే. ఇంకా కరెంటు ఇవ్వలేదు" అంది నాయనమ్మ, నవ్వకుండా.

అమ్మ కూడా నవ్వింది. నవ్వి, తడిగుడ్డల బకెట్టు ఎత్తుకుని, కాగితం తొక్కకుండా ఒక పక్కకి ఒదిగి డాబా మీదికి వెళ్ళింది. ఎనిమిదో రోజు అలా వెళ్తుంటే నేను గొప్పగా అన్నాను: "నువ్వు ఉద్యోగానికి పో అమ్మా. బట్టలు నేనుతుకుతాగా!"

అమ్మ ఆగింది. "నిజంగా?"

"నిజంగా."

"అయితే రేపొక్కరోజు ఉతికి చూపించు. నేను పడుకుంటాను."

మర్నాడు నాలుగున్నరకి లేపింది. తను నిజంగానే మళ్ళీ ముసుగుతన్నింది. దుప్పట్లు రెండు, నలుగురి బట్టలు, ఏదో స్కూలు యూనిఫారాలకి వచ్చిన తాను గుడ్డ. తడిసిన తాను ఎంత బరువుంటుందో నాకు ఆ పొద్దున్నే తెలిసింది. పిండబోతే అది నన్నే పిండింది. ఒక కొస పట్టుకుంటే రెండో కొస బాత్రూం దాటి వంటగదిలోకి పోయింది. మెట్ల నిండా నీళ్ళోడుస్తూ డాబా ఎక్కి, ఆరేసి, దిగి, మళ్ళీ ఎక్కి. ఏడయింది, ఎనిమిదయింది. అమ్మ లేచి టీ తాగుతూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె కూర్చుని టీ తాగడం నేను చూసింది అదే మొదటిసారని అప్పుడు గుర్తించాను. నా మీద నాకే ఒళ్ళుమండింది.

పదకొండింటికి పని తెమిలింది. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి, నడుం వంగిన చోటే ఉండిపోయింది. తిన్నగా గోడ దగ్గరికి పోయి, పుచ్చకాయతో సహా ఫ్రిజ్ చింపేశాను.

"అయ్యో, నా ఫ్రిజ్!" అని కేకేసింది నాయనమ్మ.

"వాషింగ్ మిషన్ కాగితం కొయ్యి నాన్నా" అన్నాను.

నాయనమ్మ నా చేతులు పట్టుకుని తిరగేసి చూసింది. తర్వాత, "పోనీలే, చల్లనీళ్ళు తాగితే నా పళ్ళు జివ్వుమంటాయి" అంది. నాయనమ్మ నోట్లో ఉన్నవి మూడే పళ్ళు.

కాగితం మిషను నాలుగు రోజులు మూలన ఉంది. బ్రహ్మాండంగా పట్టింది. ఇక ఆగలేక నలుగురం కొట్టుకి వెళ్ళాం. అక్కడి అమ్మకాల కుర్రాడు ప్రతి మాటకీ 'గ్యారంటీ' అనేవాడు, మేం అతనికి ఆ పేరే ఖాయం చేశాం. వరసగా తెల్లటి మిషన్లు, మెరిసే మీటలు. నేను ఒక్కో తలుపూ తీసి తల లోపల పెట్టి చూశాను. నాయనమ్మ కుర్చీ వేయించుకుని, ఒక్కో మిషన్నీ పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసింది.

నాన్న మెళ్ళోంచి టేపు తీశాడు. మిషను చుట్టూ చేతులేసి, ఛాతీ, నడుం, పొడవు కొలిచి చిట్టాపుస్తకంలో రాసుకున్నాడు.

"సార్, దీనికి చొక్కా కుడతారా?" అన్నాడు గ్యారంటీ.

"చొక్కా మా ఇల్లే. ఇదే దాంట్లో దూరాలి" అన్నాడు నాన్న.

మొదట గ్యారంటీ పైన మూత ఉన్న మిషను చూపించాడు. నాన్న చటుక్కున వేలెత్తాడు. "మా మూలకి పైన గుడ్డలు పెట్టే అర ఉంది. మూత పైకి లేవదు." మేం ముగ్గురం ఆయన తెలివికి మురిసిపోయాం. అందుకని ముందు తలుపున్నది, గుండ్రటి గాజు అద్దంది ఎంచుకున్నాం. మురికినీళ్ళు గొట్టంలోంచి బాత్రూంలోకి పోవాలంటే మిషన్ని జానెడు ఎత్తున పెట్టాలన్నాడు గ్యారంటీ. దానికి దిమ్మ వడ్రంగి బాబాయ్ చేసిచ్చాడు.

ఎంచుకున్నాం గానీ, తీసుకురమ్మని చెప్పలేదు. నాన్నకి రెండు అంగుళాల అనుమానం. "ఇంకోసారి కొలుస్తా, రేపు చెబుదాం" అన్నాడు. ఆ రేపు వచ్చి మరో రేపుని పుట్టించింది. దర్జీల రేపు సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? ఇరవై ఆరో తారీఖొచ్చింది. ఇరవై ఏడో తారీఖొచ్చింది. నాన్న నేల మీద బోర్లా పడుకుని అదే మూలని అదే టేపుతో కొలుస్తున్నాడు.

"కస్టమర్లకి చెప్పే రేపులు నాకు చెప్పకండి" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నేను పోవడం మీకిష్టం లేదా? లేదంటే లేదని చెప్పండి. కొలుస్తూ కూర్చోకండి."

నాన్న లేచి కూర్చున్నాడు. టేపు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"ఇష్టం లేక కాదే. భయం."

"బస్సంటేనా? పరీక్షలో నాకు నూటికి తొంభై రెండు వచ్చాయి."

"బస్సు కాదు. ఇరవై ఏళ్ళుగా నువ్వు నీళ్ళ చప్పుడు చేస్తుంటే నాకు మెలకువొస్తోంది. ఆ చప్పుడు లేని ఇంట్లో ఎలా లేవాలో నాకు తెలీదు."

అమ్మ మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "మిషనూ చప్పుడు చేస్తుంది లెండి" అంది. "గ్యారంటీ."

నాయనమ్మ పకపకా నవ్వింది. నాన్న చొక్కా వేసుకుని అప్పటికప్పుడే కొట్టుకి పరిగెత్తాడు.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున పదింటికి మిషను వచ్చింది. తెల్లవారితే ఒకటి. ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టెని మూడు అంతస్తులు మోసుకొస్తుంటే, మేడ మొత్తం మెట్ల మీదికి వచ్చి దారి చెప్పింది. దిమ్మ మీద పెట్టి మూలలోకి తోశారు. అటు వేలు, ఇటు వేలు. కొలిచి కుట్టిన రవికలా కూర్చుంది. నాన్న మొహం చేటంతయింది.

"చూశారా! అంగుళం తేడా లేదు!"

"తలుపు తియ్యి, తలుపు తియ్యి" అని గంతులేశాను నేను.

అమ్మ ముందుకొచ్చి గాజుతలుపు లాగింది. నాలుగు వేళ్ళ మేర తెరుచుకుంది. టక్కుమని దాని అంచు కటింగు బల్ల మూలకి కొట్టుకుంది.

మళ్ళీ లాగింది. మళ్ళీ టక్కు.

కాగితానికి తలుపు ఉండదు కదా! పైమూత గురించే ఆలోచించి ఆలోచించి, ముందు తలుపు ఇవతలికే తెరుచుకుంటుందన్న సంగతి నలుగురం కలిసి మర్చిపోయాం. నా ఫ్రిజ్ వచ్చినా ఇదే గతి పట్టేది. బల్లని జరుపుదామంటే అవతలి కొస గోడకి ఆనింది. తిప్పుదామంటే వాకిలి మూసుకుపోతుంది. దిమ్మ తీసేస్తే తలుపు బల్ల కిందికి దూరుతుంది గానీ, నీళ్ళు పోవు.

"ఒరేయ్" అంది నాయనమ్మ కొడుకుతో, "నిలబడ్డ మనిషిని కొలిచావు గానీ, చెయ్యెత్తమని అడగలేదేంట్రా?"

ఎవరూ నవ్వలేదు. మోసుకొచ్చిన వాళ్ళలో పెద్దాయన చెమట తుడుచుకుని, "వెనక్కి తీసుకుపోతాం. సన్నది కావాలంటే తెప్పించాలి, పదిహేను రోజులు పడుతుందమ్మా" అన్నాడు.

అమ్మ మిషను మీద చెయ్యి పెట్టి నిలబడింది. "తీసుకుపోండి" అంది నెమ్మదిగా. "ఈ ఉద్యోగం కాకపోతే మళ్ళీ ఎప్పుడో ఇంకోటి పడుతుంది."

పడదని అందరికీ తెలుసు. అమ్మకి ముందే తెలుసు. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న జేబులోంచి గుర్తులు పెట్టే సుద్దముక్క తీశాడు. గాజుతలుపు బల్లకి తగిలిన చోట ఒక చుక్క పెట్టాడు. అమ్మ పూర్తిగా తీస్తే తలుపు ఎంత దూరం వస్తుందో గాలిలో చేత్తో చూసుకుని, బల్ల మీద గుండ్రంగా ఒక గీత గీశాడు, చొక్కాకి చంక కత్తిరించేటప్పుడు గీసినట్టు. గీతకి అవతల, లెక్కగా, రెండు అంగుళాల లూజు వదిలి ఇంకో గీత. తర్వాత కిటికీలోంచి వంగి, "తమ్ముడూ, రంపం పట్రా!" అని కేకేశాడు.

వడ్రంగి బాబాయ్ వచ్చి గీత చూసి రంపం కింద పెట్టేశాడు. "అన్నయ్యా, ఇంత మూల పోతే పొడుగు గుడ్డ పరవడానికి ఉండదు."

"మడిచి కోస్తాను."

"ఒకటే చెక్క ఇది. మళ్ళీ అతకదు."

"గీత మీద కొయ్యి. ఇవతలికి రాకు" అన్నాడు నాన్న. పోయే ముక్కని రెండు చేతులా కింద పడకుండా పట్టుకున్నాడు.

రంపం చప్పుడు పావుగంట. పొట్టు నాన్న కాళ్ళ మీద పడుతోంది. ముక్క ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది. దాన్ని గోడకి ఆనించి, చీపురు తీసుకుని పొట్టంతా ఆయనే ఊడ్చాడు. అమ్మ వైపు చూడలేదు. "ఇప్పుడు తియ్యి" అన్నాడు.

అమ్మ తలుపు లాగింది. అది గోడ దాకా వెళ్ళింది.

మేడంతా వినబడేలా నేను అరిచాను. మోసుకొచ్చిన వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాయనమ్మ, "ఇంట గెలిచావు, ఇక రచ్చ గెలువు అమ్మాయ్" అని కోడలి గడ్డం పట్టుకుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ముందుగా లోపల వేసింది తన బట్టలు కాదు, కస్టమర్ల తాను గుడ్డ.

మర్నాడు తెల్లవారి ఐదింటికి అమ్మ మిషను మీట నొక్కి, కొత్త యూనిఫారంలో మెట్లు దిగింది. ఆ యూనిఫారం నాన్న ఒక్క రోజులో కుట్టాడు. ఆయన చెప్పిన తారీఖుకి ఇచ్చిన జత నాకు తెలిసి అదొక్కటే. అమ్మ వెళ్ళాక మేం ముగ్గురం గుండ్రటి అద్దం ముందు నేల మీద కూర్చుని, లోపల గుడ్డ తిరుగుతుంటే సినిమా చూసినట్టు చూశాం. పిండే చోటికొచ్చేసరికి మిషను మొత్తం ఊగిపోయి, నాయనమ్మ భయపడి దాన్ని గట్టిగా వాటేసుకుంది.

సెలవులు అయిపోయే ముందు ఒక పొద్దున, నాన్న దుకాణం మూసి మమ్మల్ని అమ్మ బస్సెక్కించాడు. కిక్కిరిసిన బస్సు. నాయనమ్మ ఎక్కుతూనే, "నడిపేది మా కోడలు" అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పింది. అమ్మ అద్దంలో మమ్మల్ని చూసింది గానీ, "లోపలికి జరగండి" అని అందరికీ చెప్పినట్టే చెప్పింది.

బజారు మలుపులో ఒక పక్క లారీ ఆగి ఉంది, ఇంకో పక్క కూరగాయల బళ్ళు. నాన్న కొలతల కన్ను ఊరుకోలేదు. కడ్డీ పట్టుకుని ముందుకి వంగాడు.

"పట్టదే" అన్నాడు. "ఆపు, ఆపు. పట్టదు."

"మీరు కూర్చోండి" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండా.

చక్రం ఒక్క చుట్టు తిప్పింది, మళ్ళీ సగం వెనక్కి తిప్పింది. లారీ పక్కనుంచి, బళ్ళ పక్కనుంచి అంత పెద్ద బస్సూ మెల్లగా జారిపోయింది. ఒక్క వంకాయ కూడా కదల్లేదు. ప్రయాణికులెవరూ తల కూడా ఎత్తలేదు, వాళ్ళకిది రోజూ ఉండేదే. నాన్నొక్కడే చెమటలు కక్కుతూ కూర్చుండిపోయాడు. నాకైతే ఆ బస్సులో ఉన్నవాళ్ళందరినీ లేపి, చూశారా, ఇప్పుడు చూశారా అని అడగాలనిపించింది.

చివరి స్టాపులో అందరూ దిగారు. నాన్న బస్సు చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణం చేశాడు. ముందు నుంచి వెనక దాకా రేకు మీద అరచెయ్యి రాస్తూ, జానలు లెక్కపెడుతూ నడిచాడు. ఎక్కడో లెక్క తప్పి వదిలేసి, అమ్మ కూర్చున్న కిటికీ కిందికి వచ్చి తలెత్తి నిలబడ్డాడు.

"ఏమే" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎలా పట్టావే నువ్వు?"

అమ్మ చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత గడియారం చూసుకుంది.

"టైమైంది" అంది. "ఎక్కండి."